ఆదివారం లేవని బండి

జూన్ 5

తమ్ముడికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదురా. నువ్వేమో జైలు గోడల మధ్య, నేనేమో కుట్టుమిషనుకీ బట్టల మూటలకీ మధ్య. బతికి ఉన్నాం, అదే కుశలం.

నిన్న ఆదివారం నేను రాలేదని ఎంత గొణుక్కున్నావో నాకు తెలుసు. గొణుక్కో, కానీ ముందు ఇది చదువు. మేం కారు కొన్నాం! కొత్తది కాదులే. మూడు చేతులు మారి నాలుగో చేతిలో పడ్డ ముసలిది. ఎందుకు కొన్నామో వేరే చెప్పాలా? ఇన్నాళ్ళూ కూరగాయల వ్యానతను దయతలచి నన్ను మీ జైలు మలుపులో దించేవాడు. ఇప్పుడతను ఆ దారిన పోవడం మానేశాడు. బస్సు చూస్తే మధ్యాహ్నానికి చేరుతుంది, మీవాళ్ళు పదకొండుకే ములాఖత్ కిటికీ మూసేస్తారు. నెలకి రెండు ఆదివారాలు నీ మొహం చూడాలంటే సొంత బండి తప్ప నాకు దారి లేదు. బావ ఒక్క మాట అనకుండా ఒప్పుకున్నాడు. ఆయన ఒక్క మాట కూడా అనకపోవడం ఎప్పుడూ ఉన్నదే అనుకో.

నడిపేది ఎవరనుకున్నావు? నేనే! మిషను తొక్కిన కాళ్ళకి క్లచ్చు ఒక లెక్కా? కొన్న రోజు ఊరంతా తిప్పాను. తర్వాత స్కూలు యూనిఫారాల పని మీద పడి బండి మొహం చూడలేదు. నిన్న పొద్దున్న మంచి బట్టలు కట్టుకుని, నీకు డబ్బా సర్దుకుని, తాళంచెవి తిప్పితే "టక్" అంది. అంతే. మళ్ళీ తిప్పితే ఆ టక్ కూడా అనలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు స్టీరింగు ముందు అలాగే కూర్చున్నాను.

బ్యాటరీ షాపతను వచ్చి చూసి, బ్యాటరీ కొత్తదే, దాని తప్పేం లేదు, బండి ఆపి ఉన్నప్పుడు లోపల ఏదో దొంగచాటుగా దాన్ని తింటోంది అన్నాడు. ఏది తింటోందయ్యా అంటే, అది వెతకాలంటే ఓపికున్న ఎలక్ట్రీషియను కావాలి అన్నాడు. మా ఇంటి ఎలక్ట్రీషియను ఎక్కడున్నాడో చెప్పలేక డబ్బులిచ్చి పంపేశాను. ఒక కస్టమరు మీద పానా ఎత్తి మూడేళ్ళకి లోపలికి పోయాడని వీధిలో ఎవరికి చెప్పను?

ఇంకో సంగతి. బండి పైకప్పు మీద నాలుగు చోట్ల చిల్లులకి లప్పం పెట్టి రంగు పూశారు. వాన పడితే అక్కడినుంచే వెనక సీటు మీదికి కారుతోంది. అమ్మినవాణ్ణి అడిగితే నాలుగు చుక్కలకే ఇంత గోలా అన్నాడు.

నీకో తెల్ల చొక్కా కుడుతున్నాను. ఈసారి జేబు పోయినసారిలా పొరపాటున కుడివైపు కాదు, ఎడమవైపే పెడతాను, ఒట్టు.

బండికంటే మొండిదైన
నీ అక్క

జూన్ 12

అక్కా,

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. అక్క కారు కొనిందని మా గదిలో ఆరుగురం గర్వపడ్డాం. వాళ్ళలో ఇద్దరు నేను అబద్ధం చెబుతున్నానన్నారు. కుడిజేబు చొక్కా మాత్రం ఎవరికీ ఇవ్వను. లోకంలో అలాంటిది నాదొక్కటే.

ఇక్కడికొచ్చాక నన్నెవరూ నా పని గురించి అడగలేదక్కా. ఆఫీసులో ఫోను పాడై చాలాకాలమైంది. నేను చూస్తానంటే, నువ్వు చూసే పని పెట్టుకోకు అన్నారు. మా కిటికీ నా ఎత్తుకి రెండింతల పైన ఉంటుంది. ఆకాశం ముక్కొకటి కనిపిస్తుంది, రోడ్డు కనపడదు. కానీ గోడ పక్కనే కాబట్టి బాగా వినపడుతుంది. ఏ బండి పోతోందో, దాని జబ్బేమిటో పడుకుని చెబుతుంటాను. దానికి బెల్టు జారుతోంది, దీనికి సైలెన్సరు పోయింది అని. నిజమో కాదో చూడ్డానికి ఎవరూ బయటికి వెళ్ళలేరు కాబట్టి అందరూ నమ్ముతారు.

ఇక నీ రోగి సంగతి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఎలక్ట్రీషియను పడతాడు. అక్కా, ముందు బ్యాటరీ మీది మూత తీసి చూడు. కూడిక గుర్తున్న కొనకి లావుపాటి ఎర్రతీగ ఒకటి ఉంటుంది. అది కాకుండా సన్నతీగ ఏదైనా విడిగా తగిలించి ఉందా? పాత యజమానులు రేడియో అనీ సైరను అనీ ఏవేవో తగిలించి అలాగే వదిలేస్తారు. దొంగ అక్కడే దొరకొచ్చు. దొరక్కపోతే, తాళం తీసేసి తలుపులన్నీ మూసి, రెండో కొనకున్న నల్లతీగ విప్పి, ఆ తీగకీ కొనకీ మధ్య చిన్న బల్బు పెట్టు. బల్బు వెలిగితే బండిలో దొంగ తింటున్నట్టు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకు. ఏది పీకితే బల్బు ఆరిపోతుందో వాడే దొంగ.

ఇక్కడ కొత్త కబురు ఒకటుంది. ఎక్కడో రైల్లో రెండు రోజుల దారిలో తోటల జైలు ఉందట. గోడల్లేవట, ట్రాక్టర్ల షెడ్డు కూడా ఉందట. ఇష్టమున్నవాళ్ళు జూలై ఇరవై ఎనిమిదిన సంతకం పెట్టాలి. పెడితే మాత్రం శిక్ష అయ్యేదాకా అక్కడే, ములాఖత్ ఏడాదికొకసారి. నాకొద్దులే. నువ్వొస్తూ ఉంటే నాకు ఈ గోడలే నయం.

బావకి చెప్పు, నడుము జాగ్రత్త.

నీ తమ్ముడు

జూన్ 20

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు పంపింది ఉత్తరమా, చారల గుర్రమా? బండి గురించి రాసిన చోటల్లా మీవాళ్ళెవరో నల్లసిరా పూసి పెట్టారు. "అక్కా, ముందు బ్యాటరీ" అని ఉంది, తర్వాత చార. "దొంగ అక్కడే దొరకొచ్చు" అని ఉంది, తర్వాత మళ్ళీ చారే. కిందికొస్తే "ఆరిపోతుందో వాడే దొంగ" అని ఉంది. ఇది చదివితే నాకే భయమేసింది, మీ ఆఫీసరుకి వేయదా? తీగలు, ఫ్యూజులు, పీకుడు అని నువ్వు రాస్తే, జైలు పేల్చే ప్లాను అనుకుని ఉంటాడు. వెలుతురుకి ఎదురుగా పట్టి చూశాను, ఒక్క అక్షరం కనపడలేదు. ఆయన సిరా మంచిదిరా. మా నల్ల దారానికి కూడా అంత రంగు లేదు.

కనిపించిన మాటలు పట్టుకుని వెళ్ళి బ్యాటరీ దగ్గర తొంగి చూశాను. నా కంటికి అంతా మామూలుగానే ఉంది.

మొన్న ఆదివారం కూడా రాలేకపోయాను. షాపతను చార్జింగు పెట్టి ఇస్తే మూడు రోజులు బాగానే ఉంది. ఆదివారానికి మళ్ళీ చచ్చింది. మా సందు నీకు తెలుసుగా, ఒకవైపు గోడ, ఇంకోవైపు ఎత్తు. తోసి స్టార్టు చేద్దామంటే తోయడానికి చోటే లేదు. సందులోంచి బండి బయటికి రావాలంటే స్టార్టు కావాలి, స్టార్టు కావాలంటే సందులోంచి బయటికి రావాలి. నా బతుకులాగే ఉంది. జూలై దాకా యూనిఫారాలు, ఆ తర్వాత వాటికి గుండీలు. ఈ గది దాటి నేను పోయేది నీ దగ్గరికే, దానికీ ఇది అడ్డం.

బావ ఈ మధ్య పొద్దున్నే లేచి బానెట్ ఎత్తుకుని నిలబడుతున్నాడు. ఏం చేస్తున్నావంటే ఏం లేదు అంటాడు. ఆయన సంగతి నీకు తెలిసిందే.

తోటల జైలు మాట ఇంకెత్తకు. వచ్చే ఆదివారానికి బండి లేచినా లేవకపోయినా నువ్వు అక్కడే ఉండు. ఇంకెక్కడికి పోతావులే, నా పిచ్చిగానీ.

సిరా అంటని
నీ అక్క

జూన్ 27

అక్కా,

ఉత్తరాల సారుని కలిశాను. ఆయన చెడ్డవాడు కాదు. "ఎర్రతీగ, నల్లతీగ, దొంగ, ఆరిపోతాడు" అని రాస్తే నేనేం చెయ్యనయ్యా అన్నాడు. గోడ మీద బొగ్గుతో బండి బొమ్మ గీసి అంతా వివరించాను. గోడ పాడుచేసినందుకు ఆ గోడంతా సున్నం వేయించారు, కానీ ఇకమీదట బండి మాటలు కొట్టనని మాటిచ్చాడు. ఇది చదివేటప్పుడు ఆయన నవ్వుకుంటారని నాకు తెలుసు. నమస్కారం సార్.

బ్యాటరీ దగ్గర అంతా మామూలే అన్నావు. అయితే విడిగా తగిలించిన తీగ ఏదీ లేదన్నమాట. మంచిది, సగం పని తగ్గింది. దొంగ ఫ్యూజు పెట్టెలోనే ఉన్నాడు. తాళం తీసెయ్యి. తలుపులు మూసెయ్యి, లేకపోతే లోపలి లైటు వెలిగి నిన్ను మోసం చేస్తుంది. నల్లతీగ విప్పి, మధ్యలో చిన్న బల్బు పెట్టు. వెలుగుతుంది. ఫ్యూజులు ఒకటొకటిగా పీకి, ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకో. అన్నీ అయినా బల్బు ఆరకపోతే డైనమో తీగ కూడా విప్పి చూడు. దాంతో తేలిపోవాలి. తేలకపోవడం అనేది లేదు.

ములాఖత్ రోజు ఉన్న ఒక్క మంచి చొక్కా వేసుకుని బెంచీ మీద కూర్చున్నాను. పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కళ్ళే లేచి వెళ్ళారు. చివరికి బెంచీ మీద నేనూ, చెవులు వినపడని ముసలాయనా మిగిలాం. ఆయన్ని పిలిచారు, నేనే భుజం తట్టి పంపించాను. కిటికీ మూశాక కూడా కాసేపు కూర్చున్నాను. లేవమన్నారు.

బావ బానెట్ ఎత్తి ఏం చేస్తున్నాడు? ఆయనకి బండి పని రాదు కదా.

నీ తమ్ముడు

జూలై 6

తమ్ముడికి,

నువ్వు చెప్పినట్టే చేశాను, తు.చ. తప్పకుండా. బావ బల్బు పట్టుకున్నాడు, నేను ఫ్యూజులు పీకాను. బల్బు వెలిగింది! దొంగ ఉన్నాడని కళ్ళారా చూశాను. మొదటి ఫ్యూజు పీకాను, వెలుగుతోంది. రెండోది పీకాను, వెలుగుతోంది. చివరిది పీకేసరికి అది ఇంకా కాస్త ఎక్కువే వెలుగుతున్నట్టు అనిపించింది. డైనమో తీగ కూడా విప్పాం. అయినా ఆరలేదు. బండిలో ఇక పీకడానికేమీ లేదు, నా జుట్టు తప్ప.

ఫ్యూజులు పెట్టేటప్పుడు ఒకటి అటూ ఇటూ అయినట్టుంది. ఇప్పుడు బ్రేకు తొక్కితే వైపరు తిరుగుతోంది. అది తర్వాత చూద్దాం.

పక్కవీధి రేడియో మెకానిక్కు చూసి, ఇది తేలే జబ్బు కాదు, అమ్మేయండి అన్నాడు. బావ కూడా, అమ్మేద్దామా మరి, అన్నాడు. ఆయన నోటివెంట ఇన్నాళ్ళకి వచ్చిన మాట ఇదీ! మొన్న ఆదివారం కూడా పోయింది. ఈ ఆదివారాల కోసం పడే యాతన చూస్తుంటే ఒక్కోసారి అన్నిటికీ ఒక దణ్ణం పెట్టి పడుకోవాలనిపిస్తోందిరా. కుట్టి కుట్టి మెడ పట్టేసింది. రాయడానికి కూడా ఓపిక లేదు, ఇంతే.

నీ అక్క

జూలై 14

అక్కకి,

అన్ని ఫ్యూజులూ పీకి, డైనమో తీగ విప్పాక కూడా బల్బు వెలిగిందని రాశావు. అలా జరగాలంటే ఒకటే దారి. బ్యాటరీ నుంచి ఎవరో నేరుగా తీగ లాగి ఉండాలి. అది ఉందా లేదా అని మొదటి ఉత్తరంలోనే అడిగాను. అంతా మామూలే అన్నావు. నేను పదిహేనేళ్ళు ఈ పని చేశాను. నా ముందు ఈ లెక్క కుదరదు.

కాబట్టి నువ్వు పరీక్ష చెయ్యకుండానే చేశానని రాశావు. లేదా నీకు తెలియకుండా ఎవరో చెయ్యి పెడుతున్నారు. పొద్దున్నే బానెట్ ఎత్తుకుని నిలబడేది ఎవరు? అమ్మేద్దామన్నది ఎవరు? శనివారం దాకా బాగున్న బండి ములాఖత్ నాడే ఎందుకు చస్తుంది? ఇంటిదొంగ బండిలో లేడక్కా, ఇంట్లోనే ఉన్నాడు. జైలు బావమరిది ఎవరికి ముద్దు? ఆయన్ని తప్పుపట్టను. నేనైనా అంతే చేసేవాణ్ణేమో.

అన్నిటికీ దణ్ణం పెట్టి పడుకోవాలని ఉందన్నావు. పడుకో. నువ్వు నాకోసం మెడ విరగ్గొట్టుకోవద్దు.

ఇక్కడ గవదబిళ్ళలు పట్టుకున్నాయి. దవడలు వాచి సగంమంది బుట్టమొహాలతో తిరుగుతున్నారు. ములాఖత్‌లు మూసేశారు, ఎప్పుడు తెరుస్తారో చెప్పరు. బయటినుంచి వచ్చే ఉత్తరాలు కూడా ఆపేశారు, ఎండలో పెట్టి నెలాఖరు దాటాక ఇస్తారట. కాబట్టి బదులు రాయడానికి కంగారుపడకు.

ఇరవై ఎనిమిది పొద్దున్న పదింటికి, గోడపక్క వరండాలో సంతకాలు. నేను పెట్టేస్తున్నాను. అక్కడ కనీసం ఒక షెడ్డు ఉంటుంది, చేతికి పానా ఇస్తారు. ఇక్కడ రోడ్డు చప్పుడు వింటూ పడుకోవడం ఇక నావల్ల కాదు. ఈమధ్య ఏ బండి ఆగినా నీదేనేమో అనుకుని లేచి కూర్చుంటున్నాను.

తమ్ముడు

జూలై 24

ఒరేయ్ తొందరపాటు వెధవా,

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది. ఇది నీకు సంతకాల తర్వాతే అందుతుందని తెలుసు. అయినా రాస్తున్నాను, రాయకపోతే నా గుండె పగిలేట్టుంది.

మొదటి ఉత్తరంలో అడిగానంటావేమిటిరా! నువ్వు అడిగిందంతా మీ సారు సిరా కింద ఉంది, చారలున్నాయని అప్పుడే రాశానుగా! ఆ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. "అక్కా, ముందు బ్యాటరీ" అన్న తర్వాత వేలెడు మందాన నలుపు. ఆ నలుపులో నువ్వేం అడిగావో నేనెలా కలగనను? నాకు కనపడ్డదానికి నేను మామూలే అన్నాను. నువ్వేమో దాన్ని నీ ప్రశ్నకి జవాబనుకున్నావు.

బావ సంగతి విను. నీ మాటలు ఆయనకి చదివి వినిపించలేదు, ఆయనే నా చేతిలోంచి తీసుకుని చదివాడు. వెళ్ళి బానెట్ ఎత్తి, రా చూపిస్తాను అన్నాడు. వాన నీళ్ళు పడి బ్యాటరీ చస్తోందనుకున్నాడట పాపం. తన పాత రెయిన్‌కోటు చించి, ఎర్రతీగ ఉన్నవైపు నీళ్ళు పోకుండా చుట్టి, తాడుతో బిగించాడు. రోజూ పొద్దున్నే చూసేది ఆ కట్టు వదులైందేమోనని. అంత నడుమునొప్పితో! అమ్మేద్దామన్నది కూడా, వేరేది కొందాం, నువ్వు ఆదివారాలు ఏడవడం చూడలేకపోతున్నాను అని చెప్పడానికట. సగం మాట చెప్పి ఊరుకోవడం ఆయనకి అలవాటు, మిగతా సగం మనం చెడ్డగా అనుకోవడం మనకి అలవాటు.

కట్టు విప్పాం. రెయిన్‌కోటు కింద, లావు ఎర్రతీగ పక్కన, సన్నటి పసుపుతీగ. పట్టుకుని పోయాం. బానెట్ లోపలినుంచి, కాళ్ళ కింది పట్టా కిందినుంచి, వెనక సీటు దాకా పోయింది. సీటు ఎత్తితే ఒక ఇనుప పెట్టె. చెయ్యి పెడితే వెచ్చగా ఉందిరా! బతికున్న పిల్లిలా ఉంది. బండి మొదట ఊళ్ళో ప్రకటనలు చదువుతూ తిరిగేదట, ఆ మైకు పెట్టె అది. పైన లౌడుస్పీకర్లు పీకేసి నాలుగు చిల్లులకీ లప్పం పూశారు గానీ, పెట్టె మీట ఆపడం ఎవరికీ గుర్తులేదు. మూడు చేతులు మారినా ఎవరో ఒకరు మాట్లాడతారని అలా మేలుకునే ఉంది. మీట కట్టేశాను. మళ్ళీ బల్బు పెట్టి చూస్తే వెలగలేదు.

బండి బాగుపడింది. నువ్వేమో పోతానంటున్నావు. ములాఖత్ లేదు, ఉత్తరం అందదు, ఫోను పాడు. నిన్ను అందుకోవడానికి నాకు ఒక్క దారీ లేదని సాయంత్రం దాకా ఏడ్చాను. తర్వాత ఆ పెట్టె వంక చూశాను.

మైక్ సెట్టు షాపతన్ని చేతిమైకూ ఒక లౌడుస్పీకరూ అరువు అడిగాను. వాళ్ళబ్బాయి పెళ్ళి బట్టలన్నీ నేనే కుడతానన్నాను. బావ ఇప్పుడు పైకప్పు మీద లప్పం గీకుతున్నాడు. పట్టుకుని లోపల వేస్తారేమో అంటే, రోట్లో తలపెట్టాక రోకటిపోటుకి వెరుస్తామా అన్నాడు. ఆయన ఇంత పొడుగు మాట ఎప్పుడన్నాడో నాకు గుర్తులేదు.

కాసుకో.

నీ అక్క

జూలై 31

అక్కా,

నీ ఉత్తరాలు ఇంకా ఎండలోనే ఉన్నాయి. ఏం రాశావో తెలియదు. నాకు తెలిసింది చెబుతాను.

ఆ రోజు వరండాలో వరసలో నిలబడ్డాను. నా ముందు ఇద్దరే ఉన్నారు. బల్ల మీద కాగితం, దానిమీద గాలికి ఎగరకుండా రాయి. అప్పుడు గోడవతల బండి ఆగింది. ఇంజను ఆగింది. కీచుమని ఒక మోత. తర్వాత, "ప్రజలకు విజ్ఞప్తి! చొక్కాలు, ప్యాంట్లు, యూనిఫారాలు సరసమైన రేట్లకు కుట్టబడును!" అని.

అందరూ నవ్వారు. నేను మాత్రం గోడవైపు తిరిగాను.

"కుడివైపు జేబు చొక్కా కుట్టించుకున్న తమ్ముడూ! తమ్ముడూ, సంతకం పెట్టకు! నువ్వు అడిగింది నల్లసిరాలో పోయింది, నాకు అందలేదు! బావ తప్పేం లేదు! దొంగ దొరికాడు, వెనక సీటు కింద ఉన్నాడు! ప్రతి ములాఖత్‌కీ వస్తాను, నువ్వు ఎక్కడికీ పోవద్దు, సంతకం పెట్టకు!"

అక్కా, తమ్ముడూ అంటే ఇక్కడ ఎవరు కాదు? వరసలో ఉన్నవాళ్ళంతా తలెత్తారు. నా ముందున్నవాడు కలం పట్టుకుని ఆగిపోయాడు. అతనికో అక్క ఉండేదట, పోయి చాలా ఏళ్ళైందట. కలం కింద పెట్టి, మా అక్క వద్దంటోంది సార్ అని వెనక్కి వచ్చేశాడు. మరో ముగ్గురు అతని వెనకే పోయారు. ఆఫీసరు తల పట్టుకున్నాడు. గవదబిళ్ళలవాళ్ళు నవ్వలేక దవడలు పట్టుకున్నారు.

ఇంజను ఆపి మైకు పెట్టావు కదక్కా! చప్పుడులో నీ గొంతు కలిసిపోతుందనుకున్నావు, అవునా? మైకు పెట్టె ఏదైనా గుక్కలో బ్యాటరీని తాగేస్తుంది. "బండి బాగుపడింది, బండి" అంటుండగానే నీ గొంతు సన్నబడింది, సాగింది, ఆగిపోయింది. ఆ తర్వాత టక్. మళ్ళీ టక్. ఆ చప్పుడేమిటో ఇక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గోడవతల నీ బండి, ఇవతల నా చేతులు. పది నిమిషాలు వదలండి సార్, స్టార్టు చేసి వచ్చేస్తాను, పారిపోను అన్నాను. నువ్వు వరసలో నిలబడు అన్నారు. నిలబడ్డాను. ఏడుస్తున్నానని ఎవరో చెబితే తెలిసింది.

చివరికి గేటు దగ్గరి పోలీసులే తోశారట. బావ గొంతు వినపడింది, "రెండో గేరు, రెండో గేరు!" అని. ఆయన అంత గట్టిగా అరవగలడని నాకు తెలియదు. ఇంజను అందుకుంది. అది మలుపు తిరిగేదాకా విన్నాను. ఒక సిలిండరు కొంచెం తడబడుతోంది, ప్లగ్గు మార్పించు.

నిన్న ఉత్తరాల సారు తనే వచ్చి, మొదటి ఉత్తరంలో తీగ గురించి నువ్వడిగింది కొట్టింది నేనేనయ్యా అన్నారు. మొహం చిన్నబోయి ఉంది. ఇకమీదట మైకు పెడితే మీ అక్క మీద కేసు రాస్తాం అని కూడా చెప్పమన్నారు. చెప్పాను. బావ గురించి రాసినవన్నీ ఆయన చేతే కొట్టించాల్సింది. బావా, మీ కాళ్ళు పట్టుకుంటాను, నడుము నొప్పి తగ్గాక ఒకటి ఇచ్చుకోండి.

నా గదిలోంచి ఇద్దరు తోటల జైలుకి వెళ్ళిపోయారు. రాత్రి గది పెద్దదైనట్టుంది. వాళ్ళకి అక్కడ ఆకాశం మొత్తం కనపడుతుంది కదా అనుకుంటూ పడుకున్నాను. కిటికీ అదే ఎత్తులో ఉంది.

సార్, ఈ ఉత్తరంలో మీరు ఏది కొట్టేసినా సరే, కింది లైను మాత్రం ఉంచండి.

అక్కా, నేను సంతకం పెట్టలేదు. ములాఖత్ తెరిచిన ఆదివారం తెల్ల చొక్కా తీసుకుని రా, జేబు కుడివైపే పెట్టు.

నీ తమ్ముడు